వరంగల్ ఎండల్లో హైడ్రేంజియా: చెట్టు నీడన తోట వేసుకునే పద్ధతి

గుత్తుల పూల పొద హైడ్రేంజియా పెట్టాలనుకుంటున్నాం అని ఎవరైనా అంటే నేను ముందు అడిగే ప్రశ్న ఒకటే. మీ ఇంట్లో చెట్టుందా? ఉంటే పని సగం అయినట్టే. లేకపోతే ఈ వానాకాలం చెట్టు పెట్టండి. హైడ్రేంజియా సంగతి మూడేళ్ల తర్వాత చూసుకోవచ్చు, ఈలోపు అది ఎక్కడికీ పోదు.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. నర్సరీల్లో మనకు దొరికేది జపాన్ నుంచి వచ్చిన రకం. వెడల్పాటి ఆకు, పైపైన అల్లుకునే సన్నని వేర్లు. చల్లటి గాలి, తేమ ఉన్న చోట దానికి హాయి. మన దేశంలో ఊటీ, కొడైకెనాల్ లాంటి కొండ ఊళ్లలో రోడ్ల పక్కన కూడా గుత్తులు గుత్తులుగా పూస్తుంది. మన దగ్గర మే నెలలో 44 డిగ్రీల ఎండ, దాని మీద వడగాలి. జనవరిలో నర్సరీలో పెద్ద బంతంత పూలతో చూసి ముచ్చటపడి కొనుక్కొచ్చిన మొక్క మే నెలాఖరుకు ఎండుపుల్లలా నిలబడి ఉండటం వరంగల్, హనుమకొండ ఇళ్లలో కొత్తేమీ కాదు. మొక్కను తిట్టుకుని లాభం లేదు. దాన్ని పెట్టిన చోటులోనే తేడా ఉంది.

ముందు ఎండ ఎటు పడుతుందో చూడండి

చాలామంది ఉత్తరం గోడ పక్కన నీడ ఉంటుందనుకుని అక్కడ పెడతారు. చలికాలంలో అది నిజమే. కానీ వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. అక్కడి నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. అంటే ఎండలు మండే రోజుల్లోనే ఉత్తరం గోడకు పొద్దునా సాయంత్రం ఎండ తగులుతుంది. ఇక మధ్యాహ్నం పన్నెండింటికి ఏ గోడా నీడ ఇవ్వదు. సజ్జ కింద రెండడుగులు తప్ప. ఆ వేళ మొక్కను కాపాడేది పైనున్న కొమ్మలే.

అందుకే ముందు కాగితం మీద మీ స్థలం గీసుకోండి. ఇల్లు, కాంపౌండ్ గోడ, బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు, కరెంటు తీగలు గుర్తు పెట్టండి. తర్వాత ఒక ఆదివారం పొద్దున 8కి, 10:30కి, మధ్యాహ్నం 1కి, సాయంత్రం 4కి బయటికి వెళ్లి నీడ ఎక్కడుందో సుద్దముక్కతో గీయండి. ఈ పని ఏప్రిల్‌లో చేస్తేనే ఉపయోగం. డిసెంబరులో గీసిన నీడ మేలో ఉండదు.

హైడ్రేంజియాకు కావలసింది పొద్దుటి నీరెండ. పదిన్నర దాటాక దాని మీద సూటిగా ఎండ పడకూడదు. మామూలుగా ఇంటికి తూర్పున గానీ ఈశాన్యం వైపున గానీ, చెట్టు కొమ్మల అంచు కింద అలాంటి చోటు దొరుకుతుంది. పడమటి గోడ పక్కన మాత్రం ఎంత నీడ ఉన్నా వద్దు. ఆ గోడ మధ్యాహ్నమంతా వేడి తాగి రాత్రి పది దాకా వదులుతూనే ఉంటుంది.

పెద్ద చెట్లు దక్షిణం, పడమర వైపు పెట్టాలని వాస్తు చెప్పేవాళ్లు అంటుంటారు. కారణం వాళ్లు ఏది చెప్పినా, ఎండ లెక్కకు కూడా అది సరిపోతుంది. పడమటి చెట్టు సాయంత్రపు ఎండను ఆపుతుంది, ఇల్లు కూడా చల్లబడుతుంది. ఈ ఒక్క విషయంలో ఇంట్లో పెద్దవాళ్లతో వాదన పెట్టుకోవాల్సిన పని లేదు.

ఏ చెట్టు కింద?

అన్ని నీడలూ ఒకటి కావు. హైడ్రేంజియాకు చెదురు నీడ కావాలి, అంటే ఆకుల సందుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా రాలే నీడ.

వేప మంచిదే, ఒక చిక్కుతో. ఫిబ్రవరి, మార్చిల్లో ఆకు రాల్చి ఉగాది నాటికి మళ్లీ చిగురిస్తుంది. సరిగ్గా ఎండ ముదిరే ఆ మూడు నాలుగు వారాలు కింద నీడ ఉండదు. అప్పుడు షేడ్ నెట్ కట్టుకోవాలి. కానుగ కూడా ఎండాకాలం మొదట్లోనే ఆకు మార్చుకుంటుంది. కొత్త ఆకు వచ్చాక మేలో దాని కింద ఉన్నంత చల్లదనం ఇంకే చెట్టు కిందా ఉండదు. కాకపోతే కొమ్మలు కిందికి వాలి నీడ మరీ చిక్కబడుతుంది కాబట్టి ఏడెనిమిది అడుగుల ఎత్తు వరకు కింది కొమ్మలు తీసేయాలి. చిన్న స్థలానికి నాకు అన్నిటికన్నా నచ్చేది పొగడ. నెమ్మదిగా పెరుగుతుంది, ఏడాదంతా ఆకు ఉంటుంది, పూల వాసన వాకిలి దాకా వస్తుంది. తొందరపడేవాళ్లకు మాత్రం పొగడ పనికిరాదు. పొగడ పెరిగేలోపు పక్కన ఒక అవిశనో మునగనో పెట్టుకుని, తర్వాత దాన్ని తీసేయొచ్చు.

మామిడి కింద హైడ్రేంజియా పెట్టకండి. మామిడి బాగా పూతకు రావాలంటే వానాకాలం వెళ్లాక పూత వచ్చేదాకా పాదుకు నీళ్లు ఆపాలి. హైడ్రేంజియాకు అవే నెలల్లో నీళ్లు కావాలి. ఒకదాని కోసం ఇంకొకటి చెడుతుంది. పైగా పూత సమయంలో తేనెమంచు పురుగు పడితే జిగురు కింది ఆకుల మీద రాలి, దాని మీద నల్లటి మసి పడుతుంది. హైడ్రేంజియా వెడల్పాటి ఆకు మీద ఆ మసి కడిగినా పోదు.

రావి, మర్రి, జువ్వి ఇంటి ఆవరణలో వద్దు. వాటి వేర్లు సంపు గోడలు, పైపులు వెతుక్కుంటూ పోతాయి. కోనోకార్పస్ కంచెలు కూడా అంతే.

ఇప్పటికే ఇంట్లో పెద్ద చెట్టు ఉండి, తోట కోసం దాన్ని కొట్టేద్దాం అనుకుంటుంటే ఆగండి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి. అది పక్కన పెట్టినా, ఇరవై ఏళ్ల నీడను డబ్బు పెట్టి కొనలేం. అడ్డమొచ్చే కొమ్మ ఒకటి రెండు తీయించుకుంటే సరిపోతుంది.

కొత్త చెట్టు నాటడం

మే నెలలోనే గుంత తీయించండి. చిన్న చెట్టుకు రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. వేప, కానుగ లాంటి వాటికి మూడడుగులు. పైమట్టి ఒక వైపు, అడుగున వచ్చే మొరం ఒక వైపు వేయమని కూలీలకు ముందే చెప్పాలి. చెప్పకపోతే అంతా కలిపేసి ఒకే కుప్ప పోస్తారు. గుంతను మే ఎండకు అలా వదిలేస్తే పురుగు, తెగుళ్లు కొంత చస్తాయి.

మృగశిర కార్తెలో ఒకటి రెండు గట్టి వానలు పడి నేల లోపలి వేడి దిగాక నాటండి. పైమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు ఒక గంప, వేపపిండి కిలో దాకా కలిపి గుంత నింపండి. పచ్చిపేడ వేస్తే చెదలు వస్తాయి. మన ఎర్ర చెలకల్లో చెదలకు పిలుపు అక్కర్లేదు. కవరు పూర్తిగా చింపి తీసేయండి, అడుగున చుట్టలు తిరిగిన వేర్లుంటే కత్తిరించండి. కవరులో మట్టి ఎంత ఎత్తులో ఉందో నేలలోనూ అంతే ఎత్తులో ఉండాలి. కాండాన్ని మట్టిలో లోతుగా పాతితే మొదలు కుళ్లుతుంది. గాలివాటుకు ఒక ఊతకర్ర కట్టండి, తాడు వదులుగా.

గోడ నుంచి చిన్న చెట్టు కనీసం ఎనిమిది పదడుగుల దూరంలో ఉండాలి. వేపకు పదిహేను అడుగులు వదలగలిగితే మంచిది. రెండు వందల గజాల ప్లాటులో ఇల్లు కట్టగా మిగిలే జాగాలో వేపకు చోటు ఉండదు. ఒప్పుకోవడానికి కష్టంగా ఉన్నా అది లెక్క. అలాంటి చోట పొగడ, పారిజాతం, సీతాఫలం చూసుకోండి.

పాత చెట్టు కింద తవ్వేముందు

తోట వేసే ఉత్సాహంలో చెట్టును చంపేది ఇక్కడే. చెట్టుకు నీళ్లు, ఎరువు అందించే సన్నవేర్లలో ఎక్కువ భాగం పైనున్న ఒకటిన్నర అడుగుల మట్టిలోనే ఉంటాయి. కొమ్మల అంచు దాటి కూడా చాలా దూరం పోతాయి. మేస్త్రీని పిలిచి చెట్టు చుట్టూ గద్దె కట్టించి అందులో అడుగున్నర ఎర్రమట్టి పోయించడం మన దగ్గర బాగా అలవాటు. చూడటానికి బాగుంటుంది. కానీ వేర్లకు గాలి అందదు, మట్టి తగిలిన బెరడు తడిసి మెత్తబడుతుంది. చెట్టు వెంటనే చావదు. రెండు మూడేళ్లకు పై కొమ్మలు ఎండటం మొదలవుతుంది, అప్పుడు కారణం ఎవరికీ గుర్తుండదు. కూర్చోవడానికి అరుగు కావాలంటే కాండానికి నాలుగైదడుగులు ఎడంగా, లోపల మట్టి నింపకుండా కట్టించండి.

చెట్టు కింద నేలంతా గడ్డపారతో తిరగేయొద్దు. మొక్క పెట్టాల్సిన చోట మాత్రమే చేతిపారతో చిన్న గుంత. బొటనవేలి కన్నా లావు వేరు తగిలితే నరకకుండా గుంతనే అడుగు పక్కకు జరపండి. కాండం చుట్టూ మూడడుగుల వరకు ఏమీ నాటకపోవడమే మంచిది. రాలిన ఆకు అక్కడే పరచండి, అయితే బెరడుకు ఆనకుండా జానెడు ఖాళీ వదలండి.

కుండీతో సహా పాతండి

ఇది ఈ మొత్తం పద్ధతిలో ముఖ్యమైన మెట్టు, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

హైడ్రేంజియాను చెట్టు కింద నేరుగా నేలలో పెడితే చెట్టు వేర్లతో పోటీ పడలేదు. మీరు పోసిన నీళ్లు, ఎరువు వేపచెట్టుకే పోతాయి. విడిగా కుండీలో పెట్టి నేల మీద ఉంచితే కుండీ పక్కలు వేడెక్కి వేర్లు ఉడుకుతాయి. ఈ రెండిటికీ మధ్య దారి, మొక్కను 14 అంగుళాల కుండీలో పెంచి, ఆ కుండీని అంచు దాకా నేలలో దింపడం. చుట్టూ మట్టి చల్లగా ఉంటుంది, చెట్టు వేర్లు అంత సులువుగా లోపలికి రావు, వానలు మరీ ఎక్కువైతే కుండీని ఎత్తి సజ్జ కింద పెట్టుకోవచ్చు.

దీనికి సరైన కాలం అక్టోబరు రెండో సగం నుంచి నవంబరు. చెట్లకు వానాకాలం సరైనదే కానీ హైడ్రేంజియాకు చలికాలమంతా వేరు పట్టుకునే గడువు దొరకాలి. పూలతో కనిపించిందని ఫిబ్రవరిలో కొని మార్చిలో నాటితే ఎండకు ముందు దానికి ఊపిరి తీసుకునే సమయమే ఉండదు.

గుంత తీశాక అందులో బకెట్ నీళ్లు పోసి చూడండి. రెండు గంటల్లో ఇంకిపోతే మంచిదే. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికీ నిలబడి ఉంటే మీది నల్లరేగడి, లేదా కింద గట్టి పొర ఉంది. అలాంటి చోట కుండీని పాతొద్దు, వానాకాలంలో అది బావి అవుతుంది. ఇటుకల మీద నిలబెట్టి, చుట్టూ వేరే కుండీలు ఆనించి నీడ చేయండి.

నీళ్లు ఇంకే నేల అయితే గుంత అడుగున నాలుగంగుళాల కంకర పోసి, దాని మీద కుండీ దింపి, అంచు నేలకు ఒక అంగుళం పైకి ఉండేలా చూసుకోండి. పక్కల సందులో ఇసుక నింపండి. మూడు నాలుగు నెలలకోసారి కుండీని అటూ ఇటూ తిప్పితే అడుగు రంధ్రాల్లోంచి దూరబోయే చెట్టు వేర్లు తెగిపోతాయి.

కుండీలోకి మట్టి ఇలా కలపండి: ఎర్రమట్టి రెండు పాళ్లు, కోకోపిట్ (కొబ్బరి పొట్టు) రెండు పాళ్లు, వర్మీకంపోస్ట్ లేదా మాగిన ఆకుల ఎరువు ఒక పాలు, ముతక ఇసుక గానీ పచ్చి ఊక గానీ ఒక పాలు. పైన గుప్పెడు వేపపిండి. కోకోపిట్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడు నీళ్లు మార్చి కడిగి వాడాలి. రైస్ మిల్లు దగ్గర ఊక చవకగా దొరుకుతుంది కదా అని ఊక బూడిద వేయకండి. బూడిద, కోడిగుడ్డు పెంకులు, సున్నం ఇవన్నీ మట్టిని క్షారం వైపు లాగుతాయి. హైడ్రేంజియాకు కాస్త ఆమ్లపు మట్టి కావాలి.

కొత్త ఇల్లయితే ఇంకో మాట. గోడల పక్కన మట్టిలో సిమెంటు పెళ్లలు, సున్నం, ఇటుక ముక్కలు కలిసి ఉంటాయి. కాస్త మట్టి మీద వెనిగర్ పోసి చూడండి, బుసబుసా నురుగు వస్తే సున్నం ఉన్నట్టే. పాతే చోట ఆ మట్టి తీసి పారబోయించండి. అలంకారానికి తెల్ల మార్బుల్ చిప్స్ పరుస్తుంటారు. మార్బుల్ కూడా సున్నపురాయి జాతే. దాని మీద నీళ్లు పడ్డకొద్దీ మట్టిలోకి సున్నం దిగుతుంది, పైగా ఎండను తిప్పి ఆకుల మీదికి కొడుతుంది. హైడ్రేంజియా చుట్టూ అది వద్దే వద్దు. ఎండుటాకులో, వరిగడ్డిలో రెండు మూడంగుళాల మందాన పరిస్తే చాలు. నడిచే దారికి మాత్రం నాపరాళ్లు, గ్రానైట్ ముక్కలు వాడుకోండి. చెట్టు వేర్ల మీద సిమెంటు వేయకుండా ఇసుకలో కూర్చోబెట్టండి, వాననీళ్లు సందుల్లోంచి దిగుతాయి.

ఏ నీళ్లు పోస్తున్నారు?

మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. నెలల తరబడి అవే పోస్తే ఆకు అంచులు మాడతాయి, కొత్త ఆకులు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది ఇనుము అందకపోవడం. అలాంటప్పుడు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారి చేయండి. పది రోజులకు ఇంకోసారి. కానీ నీళ్లు మార్చకపోతే పసుపు మళ్లీ వస్తుంది.

మంచి నీళ్లు ఇంట్లోనే ఉన్నాయి. మేడ మీది వాననీళ్లు ఒక డ్రమ్ములో పట్టుకోండి, మూత పెట్టండి, లేకపోతే దోమలు. ఎండాకాలంలో ఏసీ పైపు నుంచి కారే నీళ్లలో లవణాలు ఉండవు. రోజంతా బకెట్ పెడితే ఒకటి రెండు మొక్కలకు సరిపోతాయి. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు మాత్రం పోయకండి, అందులో ఉప్పంతా చిక్కబడి ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్లు అప్పుడప్పుడు ఫర్వాలేదు.

ఎన్నిసార్లు పోయాలంటే, వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చండి. తడి తగిలితే వద్దు. మేలో పొద్దునా సాయంత్రం రెండు పూటలా అవసరం పడొచ్చు. ఒకటి గమనించండి, మధ్యాహ్నం రెండింటికి హైడ్రేంజియా ఆకులు వేలాడేసుకుని చచ్చినట్టు కనిపిస్తుంది. చాలామంది టెన్షన్ పడి ఇంకో చెంబు పోస్తారు. మట్టి తడిగా ఉంటే పోయకండి. సాయంత్రానికి అదే లేస్తుంది. లేవకపోతే అప్పుడు చూసుకోవాలి, వేరు కుళ్లిందేమో అని.

చుట్టూ ఏం పెట్టాలి

హైడ్రేంజియా ఒక్కటే పెడితే ఏడాదిలో సగం రోజులు అది మామూలు పచ్చ పొద. పూలు ఉన్నా లేకపోయినా ఆ మూల నిండుగా కనిపించాలి కదా. పైగా చుట్టూ ఆకు ఉంటే తేమ నిలుస్తుంది.

నా ఓటు పసుపుకు. అవును, వంటింటి పసుపే. నిజామాబాద్, జగిత్యాల రైతులు పండించే పచ్చి పసుపుకొమ్ములు నాలుగు తెచ్చి జూన్‌లో హైడ్రేంజియాకు పడమటి పక్కన పెట్టండి. చెదురు నీడలో హాయిగా పెరుగుతుంది. మూడడుగుల ఎత్తుకు లేచే వెడల్పాటి ఆకులు వానాకాలమంతా పక్కగాలిని, వాలు ఎండను ఆపుతాయి. జనవరి నాటికి ఆకు ఎండిపోతుంది, తవ్వుకుంటే సంక్రాంతి తర్వాత పచ్చి పసుపు చేతికొస్తుంది. అల్లం, చామ కూడా ఇదే పద్ధతి. చెట్టు వేర్లకు దూరంగా, కొమ్మల అంచున పెట్టండి, లేకపోతే తవ్వేటప్పుడు వేర్లు తెగుతాయి.

ఎత్తుకు వెనక నందివర్ధనం. తెల్లపూలు ఏడాదంతా ఉంటాయి, సగం నీడ ఓర్చుకుంటుంది. ముందు వరుసలో కనకాంబరం. కాండానికి దగ్గర్లో, ఏ మొక్కా సరిగ్గా రాని గట్టి నీడలో సింగోనియం, స్పైడర్ ప్లాంట్, స్నేక్ ప్లాంట్. వీటికి పెద్దగా నీళ్లు అక్కర్లేదు కాబట్టి చెట్టుకు ఇబ్బంది ఉండదు. చెట్టు కింద లాన్ వేస్తామంటే మాత్రం డబ్బు దండగ. నీడలో గడ్డి పలచబడి ఏడాదికి మట్టి తేలుతుంది.

ఎండ పడే చోటికి హైడ్రేంజియా లాంటి గుత్తులే కావాలంటే నూరు వరహాలు, పెంటాస్, లేత నీలం పూల ప్లంబాగో ఉన్నాయి. వీటికి మన ఎండ లెక్కే కాదు. నిజం చెప్పాలంటే చెట్టు లేని ఇంటికి హైడ్రేంజియా కన్నా ప్లంబాగో వందరెట్లు నయం. నీలం రంగు కూడా గ్యారంటీ.

మేకలు, కుక్కపిల్లలు తిరిగే ఇల్లయితే జాగ్రత్త. హైడ్రేంజియా ఆకు, మొగ్గ తింటే వాటికి వాంతులు, విరేచనాలు అవుతాయి. చిన్నపిల్లల నోటికీ అందనీయకూడదు.

నీలమా, గులాబీ రంగా

మట్టి ఆమ్లంగా ఉండి అందులో అల్యూమినియం వేర్లకు అందితే పువ్వు నీలం, క్షారం వైపు ఉంటే గులాబీ. పీహెచ్ (మట్టి ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) 5.5 కిందికి ఉంటే నీలం, 6.5 దాటితే గులాబీ, మధ్యలో ఊదా. తెల్లపూల రకానికి ఇది వర్తించదు. ప్రయత్నించాలనుకుంటే కిరాణా షాపులో దొరికే పటిక ఒక టీస్పూను పొడి నాలుగు లీటర్ల నీళ్లలో కలిపి, నవంబరు నుంచి రెండు వారాలకోసారి, ముందు మామూలు నీళ్లు పోసి తడిపాక పోయండి. మొగ్గ విచ్చాక పోసి లాభం లేదు. డీఏపీ, ఎముకల పిండి వేయొద్దు, అందులోని భాస్వరం అల్యూమినియాన్ని పట్టేసుకుంటుంది. బోరు నీళ్లే పోసేవాళ్లు నీలం మీద ఆశ పెట్టుకోకండి. గులాబీ రంగు కూడా బాగానే ఉంటుంది.

ఆన్‌లైన్‌లో అమ్మే నీలం హైడ్రేంజియా విత్తనాలు కొనొద్దు. మట్టిని బట్టి మారే రంగును విత్తనం ముందే ఎలా చెబుతుంది?

మార్చి నుంచి జూన్ దాకా

హోలీ నాటికి 50 శాతం షేడ్ నెట్ సిద్ధంగా పెట్టుకోండి. చెట్టు ఆకు రాల్చే రోజుల్లో మొక్కకు రెండడుగుల పైన నాలుగు కర్రలకు కట్టండి, పడమటి వైపు కిందికి దింపండి. మొక్క మీద నేరుగా కప్పకూడదు. ఏప్రిల్, మే నెలల్లో ఏ ఎరువూ వేయకండి, కత్తెర పెట్టకండి. ఆకు అడుగున సన్నని చుక్కలు, బూజులాంటి గూడు కనిపిస్తే ఎర్రనల్లి. పొద్దున్నే ఆకుల అడుగున నీళ్లు గట్టిగా చిమ్మి కడగడం సగం వైద్యం. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి పొద్దు వాలాక కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడిపోతుంది.

రోహిణి కార్తెలో ఆకులు కొన్ని మాడినా కంగారు పడి పీకేయకండి. కాండం గోరుతో గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే తొలకరికి చిగురు వేస్తుంది.

కత్తిరింపు, కొత్త మొక్కలు

పువ్వు వాడాక గుత్తిని మాత్రం తుంచేసి ఊరుకోండి. అసలు కత్తిరింపు జూన్, జులైలో, వానలు కుదురుకున్నాక. బలమైన జంట మొగ్గలకు అరంగుళం పైన కోయండి, ఎండిన, సన్నని పుల్లలు మొదటికంటా తీసేయండి. ఆగస్టు దాటాక కత్తెర ముట్టకండి. వచ్చే ఏడాది పూలు ఈ ఏడాది పెరిగిన కొమ్మల చివరే, చలి రాత్రుల్లో లోపల తయారవుతాయి. దీపావళికి ఇల్లు సర్దుతూ పొదను గుండ్రంగా కత్తిరించేవాళ్లకు పూలు రావు.

అన్నీ సరిగ్గా చేసినా రెండో ఏడాది పూలు తక్కువగా రావొచ్చు. మన చలి దానికి అరకొర చలి. ఆదిలాబాద్ వైపు రాత్రులు ఇంకా చల్లగా ఉంటాయి కాబట్టి అక్కడివాళ్లకు అవకాశం కొంచెం ఎక్కువ.

జులైలో కత్తిరించిన పూయని కొమ్మలను పారేయకండి. నాలుగైదు అంగుళాల ముక్కలు చేసి, పైన రెండాకులు ఉంచి, ఆ ఆకులను కూడా సగానికి కోసి, ఇసుక, కోకోపిట్ సమంగా కలిపిన చిన్న గ్లాసుల్లో గుచ్చండి. మీద సగానికి కోసిన నీళ్ల సీసా బోర్లించి చెట్టు నీడన పెడితే మూడు నాలుగు వారాల్లో వేర్లు వస్తాయి. అక్టోబరు నాటికి చిన్న కుండీల్లోకి మార్చుకోవచ్చు. వాటిలో ఒకటి రెండు, పెద్ద చెట్టున్న పక్కింటివాళ్లకు ఇచ్చి ఉంచండి. మీ మొక్క మేలో పోతే అక్కడి నుంచి మళ్లీ కొమ్మ తెచ్చుకోవచ్చు.